పదిహేడు వేల డాలర్ల ట్రూడీ

మూడో మెట్టు సగం తోమేసరికి లియోనా బ్లాహా కుడి మోకాలు టక్కుమంది.

"నోరు ముయ్యి. ఇంకా అర మెట్టుంది," అంది మోకాలితో.

డెబ్బై తొమ్మిదేళ్ళుగా ఆవిడతో కాపరం చేస్తున్న మోకాలు కనక మారు మాట్లాడలేదు. లియోనా కిందనున్న పాత దిండు సర్దుకుని, బకెట్లో రాయి ముంచి, మెట్టు మీద తెల్లపొడి చల్లి మళ్ళీ మొదలుపెట్టింది. ఆ రాయి అరికాళ్ళు రుద్దుకునే తేలిక రాయి లాంటిదే, కాకపోతే ఇటుకంత. అంటే, కొన్నప్పుడు ఇటుకంత. ఇప్పుడు సబ్బుబిళ్ళంత. దాని వీపు మీద నాలుగు వేళ్ళూ సరిగ్గా కూర్చునేట్టు నాలుగు గుంటలు పడ్డాయి.

ఉదయం ఆరున్నర. అక్టోబరు. బాల్టిమోర్ తూర్పు పేటలో ఇళ్ళన్నీ భుజాలు రాసుకుంటూ వరసగా నిలబడే ఆ వీధిలో, ప్రతి గుమ్మానికీ మూడేసి పాలరాతి మెట్లుంటాయి. లియోనా చిన్నతనంలో శనివారం పొద్దున వీధి పొడుగునా ఆడవాళ్ళు మోకాళ్ళ మీద ఉండేవాళ్ళు. దారిన పోయే కొత్తవాడు చూస్తే ఊరంతా కలిసి ఏదో మొక్కు తీర్చుకుంటోందనుకోవాలి. ఇప్పుడు ఎడమ పక్కింటి మెట్లు టీ రంగుకొచ్చాయి. కుడి పక్కింటివాళ్ళు ఏడాదికోసారి యంత్రంతో నీళ్ళు చిమ్మిస్తారు. లియోనా మాత్రం రోజూ తోముతుంది. ఒక్క మెట్టు దిగమ్మా అని జీవితంలో ఆవిడని బతిమాలినవాళ్ళు చాలామందే ఉన్నారు. కోట్ల ఫ్యాక్టరీ యజమాని ఉన్నాడు, చర్చి ఫాదరున్నాడు, పోయిన మొగుడు ఎర్విన్ ఉన్నాడు. ఎవరి కోసమూ దిగలేదు. ఆవిడ లెక్కలో మెట్లున్నది తోమడానికి.

తలుపు సందులోంచి ట్రూడీ తల బయటపెట్టింది. పొడుగాటి, సన్నటి మనిషి. ఒకదాని మీద ఒకటి మూడు స్వెట్టర్లు వేసుకుంటుంది, అయినా సన్నగానే కనిపిస్తుంది.

"ఇవాళైనా మానకూడదూ? రెండు గంటలకి అప్పు కాగితాలాయన వస్తున్నాడు."

"అందుకేగా తోముతున్నది! నా ఇల్లు తాకట్టు పెట్టుకోవడానికి వచ్చేవాడు గుమ్మంలోనే సిగ్గుపడి బూట్లు తుడుచుకోవాలి."

"పోనీ నన్ను తోమనియ్యి."

"నువ్వు తోమితే గీతలు పడతాయే."

"నా చేతికేం కాదులే."

"నీ చెయ్యి సంగతి ఎవడికి కావాలి? గీతలు పాలరాతికి!"

ట్రూడీ నవ్వి తల లోపలికి లాక్కుంది. ముప్పై రెండేళ్ళుగా ఈ మాటలే. ఇద్దరిలో ఎవరికీ విసుగు పుట్టలేదు.

ఎనిమిదింటికి లియోనా మలుపులో ఉన్న బట్టలుతికే దుకాణానికి వెళ్ళింది. ముందు గది చో గారిది, వెనక గదిలో కుట్టు మిషను లియోనాది. మధ్యాహ్నం ఒంటి గంట దాకా చినిగిన జేబులు, ఊడిన అస్తర్లు, నోరు తెరిచిన జిప్పులు ఆవిడ రాజ్యం. అంతకు ముందు నలభై ఒక్క ఏళ్ళు మగవాళ్ళ కోట్ల ఫ్యాక్టరీలో జేబుల వరసలో పనిచేసింది. నలభై ఒక్క ఏళ్ళు కోట్లు కుట్టింది, కోట్లు మాత్రం కళ్ళతో చూడలేదు. ఊరందరి జేబులూ కుట్టింది, ఒక్క జేబూ కొట్టలేదు. ఒకసారి యజమాని జేబుకి ఇంతని ఇచ్చే కూలిలో కోత పెడితే, ఆ రోజు తన చేతికొచ్చిన కోట్లన్నిటికీ జేబులు పైనుంచి మూసి కుట్టేసింది. "తక్కువ కూలికి తక్కువ జేబు. చెయ్యి దూరాలంటే పాత కూలి" అంది. వారం తిరక్కుండా పాత కూలి వచ్చింది. ఆ వారమంతా పక్క మిషను మీద కూర్చున్న ట్రూడీ భయంతో చచ్చింది, నవ్వుతో బతికింది.

ఆ ట్రూడీ ఉండే అద్దె గది పందొమ్మిది వందల తొంభై ఒకటిలో తగలబడింది. ట్రూడీ ఒక సూట్‌కేసుతో వచ్చి లియోనా గుమ్మంలో నిలబడి, "రెండు వారాలు. అంతే. ఈలోగా ఏదో ఒకటి చూసుకుంటా" అంది. ఆ ఏదో ఒకటి ఇంకా చూస్తూనే ఉంది. మేడ మీద వెనక గది ట్రూడీది. వంటిల్లు ఇద్దరిదీ. పేచీలు లియోనావి.

ఈ ఏడాది ఫిబ్రవరిలో ఊరి కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. రెండేళ్ళ ఇంటి పన్ను బాకీ, కట్టకపోతే ఇల్లు వేలం. ఇద్దరి పింఛన్లూ, చో గారి కూలీ కలిపినా ఆ బాకీ అంచు కూడా అందదు. కొంత కట్టి గడువైతే తెచ్చుకుంది గానీ గడువంటే మాఫీ కాదు కదా. పైగా కప్పు. మొదట్లో పైకప్పు కారితే కింద కాఫీ కప్పు పెట్టింది. తర్వాత గిన్నె పెట్టింది. ఫిబ్రవరికి బకెట్లు నాలుగు. వానొస్తే ట్రూడీ గది సంగీత కచేరీలా మోగేది.

అప్పుడే టీవీలో ఒక పెద్దమనిషి తెల్ల జుట్టు దువ్వుకుని రివర్స్ మార్ట్‌గేజ్ గురించి చెప్పాడు. అరవై రెండు దాటినవాళ్ళు ఇల్లు చూపించి అప్పు తీసుకోవచ్చు, నెలనెలా కట్టక్కర్లేదు, బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లోనే ఉండచ్చు, పోయాక ఇల్లమ్మి బాకీ తీరుస్తారు. లియోనా దానికి తిరగబడ్డ తాకట్టు అని పేరు పెట్టింది. "ఇన్నేళ్ళూ ఒంటరిగా తిరగబడ్డా. ఇన్నాళ్ళకి తోడు దొరికింది" అంది ట్రూడీతో.

తోడైతే దొరికింది గానీ, ఆ తోడు గురించి తెలిసినవాడు దొరకాలిగా! ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు అప్పుల ఏజెంట్లొచ్చారు. ముగ్గురూ వేరే రాష్ట్రాల వాళ్ళే. లియోనా ముగ్గురికీ కాఫీ ఇచ్చి ఒకటే ప్రశ్న వేసింది.

"నా ఇంటి కింద నేల ఎవరిది?"

అందరూ నెల అద్దె కడతారు. బాల్టిమోర్ పాత పేటల్లో నేల అద్దె కూడా కడతారు. ఇల్లు మనదే, ఇంటి కింద మట్టి మాత్రం ఎప్పుడో తాతల కాలంలో ఎవరో తమ పేర పెట్టుకున్నది. లియోనా ఇంటి కింది మట్టి ఫ్లోరిడాలో ఉండే ఒక కుటుంబానిది. వాళ్ళ మొహం ఆవిడ చూడలేదు, ఆవిడ మెట్లు వాళ్ళు చూడలేదు. ఏడాదికి తొంభై ఆరు డాలర్లు, రెండు వాయిదాల్లో, తాత నాటి నుంచి పోతూనే ఉన్నాయి. ఈ ఊళ్ళో ఇంటి మీద అప్పిచ్చేవాడికి మొట్టమొదట తెలియాల్సింది ఇదే.

మొదటివాడు కాగితాలు తిరగేసి, "అది తర్వాత చూద్దాం మేడమ్" అన్నాడు. రెండోవాడు ఆ ప్రశ్న వినిపించుకోకుండా, "ఖర్చులంటారా, మీ చేతి నుంచి ఒక్క సెంటు కూడా పడదు" అన్నాడు.

"చేతి నుంచి పడదు సరే. అప్పులో కలుస్తుందా?"

"అంటే... కలుపుతాం."

"కలిపిన దాని మీద వడ్డీ ఉంటుందా?"

"ఉంటుంది."

"ఆ వడ్డీ మీద?"

రెండోవాడు కాఫీ సగంలో వదిలేసి లేచాడు.

మూడోవాడు నీలం టై. "అదేం ప్రశ్న మేడమ్! నేలా మీదే, ఇల్లూ మీదే, పైన ఆకాశం కూడా మీదే!" అన్నాడు చేతులు చాపి.

"ఆకాశం సంగతి నాకు తెలీదు బంగారం, కప్పు కారుతోంది కాబట్టి కొంచెం నాదే కావచ్చు. నేల మాత్రం నాది కాదు. ఇక దయచెయ్యి. మెట్లు జాగ్రత్త, తడిగా ఉన్నాయి."

నాలుగో మనిషి దగ్గరికి లియోనాయే వెళ్ళింది. ఈస్టర్న్ అవెన్యూలో రొట్టెల దుకాణం మీద చిన్న గది. లోపల ఫోతీని కరాస్ అనే అరవయ్యేళ్ళావిడ, ముక్కు చివర కళ్ళజోడు, నోట్లో ఏదో బంక నములుతోంది. టై లేదు. నవ్వు కూడా లేదు. లియోనా ఇంకా తలుపు వెయ్యక ముందే అడిగింది:

"ఏ వీధి? నేల అద్దె ఎంత?"

కూర్చోమనకుండానే లియోనా కూర్చుంది.

"ఇంట్లో ఇంకెవరున్నారు?" అంది ఫోతీని.

"ట్రూడీ."

"ఆవిడ మీకేమవుతుంది?"

"ఏమీ కాదు. ఇరవై ఎనిమిదేళ్ళు పక్క మిషను."

ఫోతీని ఆ పేరు రాసుకుని దాని చుట్టూ సున్నా చుట్టింది. తర్వాత రొట్టెల సంచీ ఒకటి చింపి, దాని మీద ఖర్చులు వరసగా రాసి చూపించింది. ఇల్లు రెండు లక్షల పది వేలు చేస్తే, సర్కారు బీమాకి మొదటే నాలుగు వేల రెండు వందలు. తమ కంపెనీ ఫీజు నాలుగు వేల నూరు. విలువ కట్టేవాడికి, కాగితాల వెతుకులాటకి, రిజిస్ట్రేషన్‌కి ఇంకో మూడు వేల చిల్లర. ఫీజులు వినేసరికి లియోనాకి ఫ్యూజులు ఎగిరిపోయాయి.

"మీ ఫీజు ఎక్కువ," అంది.

"ఎక్కువే. బేరమాడండి."

లియోనా ఆడింది. అరగంట ఆడింది. ఫీజు రెండున్నర వేలకి దిగింది. ఫోతీని ఆ అంకె కింద గీత గీసి, "ఇంటి పన్ను, బీమా, మరమ్మతులు ఇక ముందు కూడా మీవే. అవి ఆపితే అప్పిచ్చినవాడు ఇల్లు లాక్కుంటాడు. టీవీ పెద్దమనిషి ఈ మాట చెప్పడు" అంది. కిందనే తన లైసెన్సు నంబరు రాసింది. "ఇది నిజమో కాదో ఇంటికెళ్ళి వెతికించుకోండి. ఆ తర్వాత, చట్ట ప్రకారం, మాకు సంబంధం లేని సలహాదారుతో మాట్లాడాలి. వాళ్ళ మాట వినండి. నా మాట నమ్మకండి. నేను అమ్ముకునేదాన్ని."

తను అమ్ముకునేదాన్నని తన నోటితో చెప్పిన మనిషిని లియోనా అప్పుడే మొదటిసారి చూసింది. ఆ రొట్టెల సంచీ ముక్క మడిచి కోటు జేబులో పెట్టుకుంది. ఆ జేబు తను కుట్టిందే, కన్నం పడదు.

సలహాదారు ఫోన్లో మాట్లాడింది, ఒహాయో నుంచి, మెత్తటి గొంతు. గంటసేపు చెప్పాక, "ఇప్పుడు పది ప్రశ్నలడుగుతానండీ. ఐదు సరిగ్గా చెబితే సర్టిఫికెట్ ఇస్తాను" అంది.

"ఐదేమిటి? పదీ అడుగు."

అప్పు ఎప్పుడు తీర్చాలి? నేను చచ్చినప్పుడు, లేదా ఇల్లమ్మినప్పుడు, లేదా ఏడాది పైన ఏ ఆస్పత్రిలోనో పడున్నప్పుడు. ఇల్లు ఎవరి పేర ఉంటుంది? నా పేరే, బ్యాంకు పేరు కాదు. బాకీ పెరుగుతుందా, తరుగుతుందా? పెరుగుతుంది, నా నడుము లాగా. ఒహాయో గొంతు నవ్వింది. తొమ్మిదీ సరిగ్గా చెప్పింది లియోనా. పదోది వచ్చింది.

"మీ పేరు ఒక్కటే ఉండి, మీరు పోతే, ఆ ఇంట్లో ఉంటున్న మిగతావాళ్ళ సంగతేమిటి?"

లియోనా వంటింటి వైపు తిరిగింది. వంటింట్లో ట్రూడీ పళ్ళేలు తుడుస్తూ తప్పు రాగంలో ఏదో పాడుకుంటోంది.

"చెప్పమ్మా, ఏమిటి?" అంది లియోనా చివరికి.

భార్యో భర్తో అయితే చట్టంలో కాస్త రక్ష ఉంది. స్నేహితులకి లేదు. బాకీ మొత్తం వెంటనే తీర్చాలి, లేకపోతే ఖాళీ చెయ్యాలి. అలా కాకూడదంటే ఇంటి కాగితంలో ట్రూడీ పేరు చేర్చి, అప్పులోనూ ఇద్దరూ ఉండాలి. అయితే చిక్కేమిటంటే, ఇద్దరిలో చిన్నవాళ్ళ వయసు బట్టి డబ్బిస్తారు. లియోనా ఒక్కదానికైతే తొంభై ఆరు వేలు. అరవై తొమ్మిదేళ్ళ ట్రూడీ కలిస్తే డెబ్బై తొమ్మిది వేలు.

ఆ పూట వంటింట్లో యుద్ధం జరిగింది.

"నా కోసం పదిహేడు వేలు తగలేస్తావా? నీకేమైనా మతిపోయిందా లియోనా? నేను ఏ వృద్ధాశ్రమంలోనో పడుంటా!"

"పడుంటావు, ఎందుకుండవు! అక్కడ నీ తప్పు రాగం వినేదెవరు?"

"పదిహేడు వేలు, లియోనా!"

"ముప్పై రెండేళ్ళు ఊరికే ఉన్నావనుకున్నానే. ఇవాళ తెలిసింది నీ ఖరీదు. చూస్తే అంత చేసేదానిలా లేవు గానీ, సర్లే, స్వెట్టర్లతో కలిపి చేస్తావేమో."

ట్రూడీ ఏడుస్తూ నవ్వింది, లేక నవ్వుతూ ఏడ్చింది. సెప్టెంబరులో లాయరు ఇంటి కాగితంలో రెండో పేరు చేర్చాడు. చేర్చిన రోజు లియోనా గుండె డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చింది. ఆయన చెప్పింది ట్రూడీకి చెప్పలేదు. "ఏమన్నాడు?" అంటే, "మెట్లు తోమొద్దన్నాడు. డాక్టరు మార్చాలి" అంది.

ఇవాళ దుకాణం గోడ మీద గడియారం ఒంటి గంట కొట్టింది. లియోనా చేతిలోని నల్ల కోటు జేబు చివరి కుట్టు వేసి, దారం పళ్ళతో కొరికి, లేచింది. ఎడం చెయ్యి బరువుగా ఉంది. "కోటు బరువు," అంది ఎవరూ అడగకపోయినా. చో గారు తలూపాడు.

రెండింటికి వచ్చినాయన పేరు మర్రే. సంతకాలు పెట్టించి ముద్ర వెయ్యడం ఆయన పని. యాభై దాటినవాడు, చేతిలో రెండు ఫోన్లు, చంకలో జానెడు మందం కాగితాలు. మెట్ల దగ్గర ఆగి, చూసి, బూట్లు తుడుచుకున్నాడు. ఆ ఒక్క పనికి లియోనా ఆయన కాఫీలో చక్కెర రెండు చెంచాలు ఎక్కువ వేసింది.

"ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ, పసుపు చీటీలున్న చోటల్లా సంతకం మేడమ్. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది."

"చీటీ లేని చోట ఏముంది?"

"అది... మామూలే. చదవక్కర్లేదు."

లియోనా భూతద్దం తీసింది. మర్రే ఫోన్లు రెండూ బల్ల మీద పెట్టి, ఒక దాన్ని చూశాడు, రెండోదాన్ని చూశాడు, కిటికీ చూశాడు. ఒక్క సంతకంతో సొంతిల్లు పోగొట్టుకున్నవాళ్ళు ఆ వీధిలోనే ముగ్గురున్నారు. లియోనా ఒక్కో కాగితం చివరిదాకా చదువుతూ పోయింది. ఫీజు రెండున్నర వేలే. నేల అద్దె సంగతి ఉంది. పదకొండో కాగితం దగ్గర భూతద్దం ఆగింది.

"ట్రూడీ ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నాను," అంది ట్రూడీ పొయ్యి దగ్గర నుంచి.

"నువ్వు కాదే. కాగితంలో. కాగితంలో ట్రూడీ ఎక్కడ నాయనా?"

మర్రే చూశాడు. తిరగేసి చూశాడు. ఒక ఫోను తీసి ఎక్కడో టెక్సాస్‌లో ఉన్న ఆఫీసుతో మాట్లాడాడు. అక్కడివాళ్ళు ఆగస్టులో తీసిన ఇంటి కాగితం చూసి ఇవి తయారుచేశారు. ఆగస్టులో ఒకటే పేరు.

"చిన్న పొరపాటు మేడమ్. మీరు ఇవాళ సంతకం పెట్టేయండి, ఆవిడ పేరు తర్వాత కలుపుతారట. ఎందుకంటే మీకిచ్చిన వడ్డీ రేటు ఇవాళ సాయంత్రంతో సరి. రేపు పెరగచ్చు."

"తర్వాత అంటే ఎప్పుడు?"

"వచ్చే వారమో, ఆ పై వారమో."

"ఈలోగా నేను చస్తే?"

మర్రే కాఫీ తాగాడు. కప్పులో ఏమీ లేకపోయినా తాగాడు.

ట్రూడీ గబగబా వచ్చి లియోనా భుజం మీద చెయ్యి వేసింది. "పెట్టేయవే. రేటు పోతుందట. రెండు వారాలేగా!"

"నీ రెండు వారాల సంగతి నాకు తెలీదా?" లియోనా గొంతు వీధిలోకి వినిపించేలా లేచింది. "చూడు నాయనా! దీని ఖరీదు పదిహేడు వేలు. ఎంతో బేరమాడే నాలాంటిది ఒక్క సెంటు తగ్గించకుండా కొన్న సరుకు. ఆ సరుకు లేకుండా బిల్లు మీద సంతకం పెట్టమంటావా? జేబు లేని కోటు నేను కుట్టలేదు, ఇది లేని కాగితం మీద సంతకం పెట్టను. తీసుకుపో!"

కాగితాలన్నీ సర్ది, అంచులు సమంగా తట్టి, ఆయన చేతిలో పెట్టింది. తర్వాత ఫోతీనికి ఫోను చేసి ఒకే మాట చెప్పింది: "నీ టెక్సాస్ వాళ్ళు ట్రూడీని మింగేశారు."

అవతల బంక నమలడం ఆగింది. "ఎవ్వరూ ఏ కాగితం మీదా పెన్ను ఆనించకండి," అంది ఫోతీని. "రేటు సంగతి నేను చూసుకుంటా. సాయంత్రం దాకా ఇల్లు కదలకండి."

"నేను డెబ్బై తొమ్మిదేళ్ళుగా కదలని ఇల్లే ఇది," అంది లియోనా.

ఐదున్నరకి మర్రే మళ్ళీ వచ్చాడు. మళ్ళీ బూట్లు తుడుచుకున్నాడు. వెనకాల ఫోతీని కరాస్ రొప్పుతూ మూడు మెట్లెక్కి, "రేటు అదే," అని కుర్చీలో కూలబడింది. టెక్సాస్ వాళ్ళని ఏమందో చెప్పలేదు. గొంతు మాత్రం బొంగురుపోయి ఉంది.

లియోనా మళ్ళీ మొదటి కాగితం నుంచి చదివింది. ఈసారి ఎవరూ కిటికీ వంక చూడలేదు. పదకొండో కాగితంలో రెండు పేర్లు పక్కపక్కన ఉన్నాయి, రెండు మిషన్ల లాగా. లియోనా బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టి పెన్ను ట్రూడీకిచ్చింది. ట్రూడీ మొదటి అక్షరం గీసి ఆగింది.

"వంకరగా వస్తోందే."

"రానియ్యి. వంకరగా పెట్టినా చెల్లుతుంది. భయపడుతూ పెట్టకు, అంతే."

మూడు రోజుల గడువుందని ఫోతీని చెప్పింది. సోమవారం అర్ధరాత్రి లోపు మనసు మారితే రద్దు చేసుకోవచ్చు, ఆ తర్వాతే డబ్బు.

"మొదటి ఖర్చు రాసుకో," అంది లియోనా. "పదహారు వందలు. ఆ ఫ్లోరిడా వాళ్ళకి పారేసి నేల కొనెయ్యాలి. పన్ను తర్వాత. కప్పు ఆ తర్వాత. ఇన్నేళ్ళూ అద్దె మట్టి మీద నిలబడి పోట్లాడాను. ఇకమీద నా సొంత మట్టి మీద నిలబడి పోట్లాడతా."

అందరూ వెళ్ళాక లియోనా మడత కుర్చీ పట్టుకెళ్ళి మెట్ల పక్కన, వీధి వైపు వేసుకుంది. ఎదురింటి కప్పుల మీద ఎండ ఎర్రగా ఉంది. లోపల ట్రూడీ కాడీలు వేయిస్తోంది. అవి బంగాళాదుంపా చేపా కలిపి చేసే ముద్దలు, రెండు ఉప్పు బిస్కట్ల మధ్య పెట్టి, ఆవపిండి ముద్ద రాసి తింటారు. ఆవ ఎప్పుడూ ట్రూడీ రాస్తుంది, ఎప్పుడూ లియోనా తిడుతుంది.

"ఏమే పదిహేడు వేలూ!" అని కేకేసింది లియోనా. "మాడుతోంది!"

"మాడట్లేదు!"

"మాడుతోంది!"

ట్రూడీ పళ్ళెంతో బయటికొచ్చేసరికి ఎండ కప్పుల మీద నుంచి దిగిపోయింది. పళ్ళెం లియోనా ఒళ్ళో పెట్టి, తను పై మెట్టు మీద కూర్చుంది. ఉదయం తోమిన మెట్టు, చల్లగా ఉంది. ఒక కాడీ కొరికి చెప్పడం మొదలుపెట్టింది. కప్పు బాగయ్యాక తన గదికి పసుపు రంగు వేయించాలని ఉందట. బకెట్లు నాలుగూ దాచుకోవాలట, పారెయ్యకూడదట. టెక్సాస్ వాళ్ళకి ఫోతీని ఏం చెప్పి ఉంటుందో ఊహించి, గొంతు మార్చి, నమిలే బంకతో సహా అనుకరించింది. తనే నవ్వుకుంది. నోట్లో ఆవ ఘాటుకి కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"ఆవ మరీ ఎక్కువైంది కదూ?" అంది.

లియోనా ఏమీ అనలేదు.

ట్రూడీ కొరకడం ఆపింది. ముప్పై రెండేళ్ళలో ఆవ గురించి లియోనా ఏమీ అనకపోవడం అదే మొదటిసారి. ట్రూడీ పళ్ళెం తీసి కింద పెట్టింది. తన మూడు స్వెట్టర్లలో పైది విప్పి లియోనా ఒడి మీద కప్పింది. వీధి దీపాలు వెలిగేదాకా ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. తర్వాత లేచి, ఎవరిని పిలవాలో వాళ్ళని పిలిచింది.

సోమవారం ఖననం అయ్యాక సాయంత్రం ఫోతీని ఫోను చేసింది. చెప్పడం తన పని కనక చెబుతున్నానంది: అప్పు మీ పేర నిలబడింది, ఇల్లు మీదే, బతికున్నన్నాళ్ళూ మిమ్మల్ని ఎవరూ కదపలేరు, వద్దనుకుంటే మాత్రం రద్దు చేసుకోవడానికి ఈ అర్ధరాత్రి దాకా గడువుంది.

"రద్దు చేస్తే అది లేచొచ్చి నన్ను తంతుంది," అంది ట్రూడీ. "ఆ ఫ్లోరిడా వాళ్ళకి పదహారు వందలు మాత్రం ముందు పంపించండి. పన్ను తర్వాత. కప్పు ఆ తర్వాత."

మంగళవారం ఉదయం ఆరున్నరకి ట్రూడీ పాత దిండు తెచ్చి మెట్ల ముందు వేసుకుంది. బకెట్లో నీళ్ళు, తెల్లపొడి, రాయి. మొదటి మెట్టు తోమింది. గీతలు పడ్డాయి. రెండోది తోమింది. అక్కడా పడ్డాయి. మూడో మెట్టు సగంలో ఉండగా ఎడమ పక్కింటాయన కిటికీ తెరిచి, "అమ్మా, యంత్రం పెట్టి కొట్టించమంటారా? అరగంటలో అయిపోతుంది," అన్నాడు.

"ముందు నీ మెట్లు కొట్టించుకో నాయనా, టీలో ముంచినట్టున్నాయి," అంది ట్రూడీ. ఆ గొంతు విని ఆయనా ఉలిక్కిపడ్డాడు, ఆవిడా ఉలిక్కిపడింది.

మిగతా సగం తోమి, బకెట్టూ దిండూ తీసుకుని, వేళ్ళు నలుపుకుంటూ లోపలికి వెళ్ళింది. పై మెట్టు మీద రాయి ఉండిపోయింది, తడిసి, వీపు పైకి, నాలుగు గుంటల్లో నాలుగు వేళ్ళ మేర నీళ్ళతో.